తేడా రబ్బరులో లేదు, వాడకంలో ఉంది

మన పత్రికలో ప్రేమ కవితలకి ఎప్పుడూ కొదవ లేదు. కండోమ్ గురించి మాత్రం ఒక్క వాక్యం ఉండదు. అందుకే ఈసారి నేను రాస్తున్నా. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

ముందు రెండు అంకెలు. ప్రతిసారీ, సరైన పద్ధతిలో వాడితే ఏడాదిలో 100 జంటల్లో సుమారు 2 జంటలకే గర్భం వస్తుంది. జనం మామూలుగా వాడే తీరులో అయితే ఆ సంఖ్య దాదాపు 13. సరుకు అదే, తప్పు వాడకంలో. ఇంజినీరింగ్ భాషలో చెప్పాలంటే యూజర్ ఎర్రర్.

ఆ ఎర్రర్లు కూడా చిన్నవే. ఎక్స్‌పైరీ డేట్ చూడరు. నెలల తరబడి పర్సులో పెట్టుకు తిరుగుతారు. వేడికి, రాపిడికి లేటెక్స్ బలం తగ్గిపోతుంది. ప్యాకెట్‌ని పళ్లతో చింపుతారు. కొన నొక్కి గాలి తీసేయకుండానే తొడుగుతారు. కొబ్బరినూనె, వాజెలిన్ రాస్తారు. నూనె తగిలితే లేటెక్స్ చిరుగుతుంది, నీటితో చేసిన జెల్ అయితే ఫర్వాలేదు. రెండు తొడిగితే డబుల్ సేఫ్టీ అనుకుంటారు. రెండూ రాసుకుని చిరిగే ప్రమాదమే ఎక్కువ. మధ్యలో కాదు, మొదటినుంచీ ఉండాలి. అయిపోయాక మెత్తబడకముందే అంచు పట్టుకుని బయటికి తీయాలి. ఒకసారి వాడింది మళ్లీ వాడకూడదు.

"మాత్ర ఉందిగా" అనే ధీమా నాకు నచ్చదు. చిరిగినప్పుడు 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, వేసుకోవాల్సిన అత్యవసర మాత్ర అది. రోజువారీ పద్ధతి కాదు, హెచ్‌ఐవీని ఆపదు. పైగా అజాగ్రత్త అబ్బాయిది, మాత్ర అమ్మాయికి. డేట్ ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటూ సెమిస్టర్ పరీక్ష రాసేదీ ఆ అమ్మాయే.

ఇవన్నీ చెప్తే పిల్లలు చెడిపోతారని పెద్దల భయం. ల్యాబ్ గోడమీద మంటలార్పే సిలిండర్ ఎలా వాడాలో రాసి ఉంటుంది. అది చదివి ఎవరైనా నిప్పు పెట్టారా? పెళ్లయ్యాకే అనుకునేవాళ్లకీ ఈ సంగతులు కావాల్సిందే. పెళ్లి కార్డుతో పాటు యూజర్ మాన్యువల్ ఎవరూ ఇవ్వరు కదా.

ప్రభుత్వం 1968లోనే నిరోధ్‌ని చవగ్గా ఊరూరా అమ్మించింది. ఇప్పటికీ మెడికల్ షాపులో దాన్ని పేపర్లో చుట్టే ఇస్తున్నారు.

నా ప్రతిపాదన ఒక్కటే. ఫస్టియర్ ఓరియెంటేషన్‌లో ఒక డాక్టర్ని పిలిచి, అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ కలిపి కూర్చోబెట్టి, ఒక గంట ఇవ్వండి. ప్రశ్నలు చీటీల మీద, పేర్లు లేకుండా. మొదటి చీటీ నేను రాస్తా.