కంప్యూటరు కరదీపికలు – అక్షరమర్యాద

కంప్యూటరు నేర్పు కరదీపికను చదువువాఁడు కథ చదువువానివలెఁ జదువఁడు. ఒక కన్ను పుస్తకముపైనను, ఒక కన్ను తెరపైనను ఉంచి, వ్రేళ్లు మీటలపై నిలిపి చదువును. అట్టివానికి ఏది పుస్తకము చెప్పు మాటయో, ఏది తాను టైపు చేయవలసిన మాటయో చూచినంతనే తెలియవలెను. అక్షరముల యాకారమును నిర్ణయించునప్పుడే గ్రంథకర్త చదువరికి మాట యిచ్చుచున్నాఁడు. ఆ మాట తప్పరాదు.

ఈ మర్యాద ప్రాచీనము. 1611లో నచ్చయిన ఆంగ్ల బైబిలునందు, మూలములో లేకున్నను అర్థస్ఫూర్తికై భాషాంతరకర్తలు చేర్చిన పదములను, చిన్నవియు సన్ననివియునగు వేఱు తీరు అక్షరములతో ముద్రించిరి. మూలమేదో చేర్పేదో చదువరి యెఱుఁగుటకే యీ యేర్పాటు. 1971లో వెలువడిన యునిక్సు కరదీపికయందు, చదరపు బ్రాకెట్లలో నున్న మాటను అవసరము లేనిచో విడువవచ్చునని నియమము. నేఁటి యునిక్సు కరదీపికలలో బొద్దక్షరములను ఉన్నవి యున్నట్లే టైపు చేయవలెను. వాలు అక్షరములున్నచోట మనకు వలసిన మాట నుంచవలెను.

ఈ భేదము పాటింపని పుస్తకము బాలుర కెంత కీడు చేయునో యుపాధ్యాయులకుఁ దెలియును. "విద్యార్థి పేరు టైపు చేయుము" అని యుండును. బాలుఁడు తన పేరు మాని "విద్యార్థి పేరు" అనియే టైపు చేయును. వాక్యము చివర సంకేతపదము నిచ్చినచో, వాక్యాంతపుఁ జుక్కను గూడ దానిలోఁ జేర్చును. యంత్రము త్రోసివేయఁగా, తాను మందమతినని క్రుంగిపోవును. తప్పు మాత్రము పుస్తకముది.

అయినను ఆంగ్ల పద్ధతిని యథాతథముగాఁ దెచ్చుకొనుట తగదు. వాలుట తెలుఁగు లిపికి సహజము గాదు. చిన్న యక్షరములను బొద్దుగా నచ్చొత్తినచో ఒత్తులు పూడిపోవును. కావున నా మతమిది: టైపు చేయవలసినది ప్రత్యేక పంక్తిలో, చివరఁ జుక్క లేకుండ నుండవలెను. మార్చి వ్రాయవలసినది కోణపు గుర్తుల నడుమ నుండవలెను. నొక్కవలసిన మీట పేరు చుట్టును గీత యుండవలెను. ఈ నియమములు మొదటి పుటయందే చెప్పఁబడి, తుదివఱకు మాఱకుండవలెను.

మన విద్యార్థులకై మనము వ్రాయు ప్రయోగపుస్తకములతోనే యీ మర్యాద నారంభింతము గాక!