తండ్రి రైతు, కొడుకు లాయరు

1883లో విలియం కట్లర్ సంపాదకత్వంలో కాన్సస్ రాష్ట్ర చరిత్ర ఒకటి వచ్చింది. 1918లో విలియం కానెల్లీ అయిదు సంపుటాల్లో ఇంకోటి తెచ్చాడు. రెండూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పేరుకి చరిత్రలే గానీ, వాటిలో చాలా పేజీలు మనుషుల పరిచయాలకే పోయాయి. డాక్టర్లు, బ్యాంకర్లు, పాస్టర్లు, లెక్కలేనంతమంది లాయర్లు. ఆ లాయర్ల పరిచయాలు ఓ పది చదివితే పదకొండోది చదవకుండానే చెప్పేయొచ్చు.

ఒహాయోలోనో ఇండియానాలోనో పుట్టాడు. తండ్రి రైతు. వేసవిలో పొలం పని, చలికాలంలో పల్లె బడి. పద్దెనిమిదేళ్లకి తనే పంతులయ్యాడు. ఆ జీతం కూడబెట్టి లా చదివాడు. కొద్ది డాలర్లతో కాన్సస్ వచ్చాడు. ఇప్పుడు కౌంటీ అటార్నీ. రిపబ్లికన్. మేసన్. పిల్లలు ముగ్గురు. చివర్లో అదే ముక్తాయింపు: ఎవరి సాయమూ లేకుండా స్వయంకృషితో పైకొచ్చిన మనిషి.

నా తగాదా ఆ ముక్తాయింపుతోనే. అమెరికాలో అప్పట్లో ఇలాంటి పుస్తకాలు చందాల మీద నడిచే వ్యాపారం. తన గురించి నాలుగు మంచి మాటలున్న పుస్తకానికి చందా కట్టనివాడెవడు? కానీ వ్యాపారం కోసం రాసిన మాటని నూటయాభై ఏళ్లుగా చరిత్రగా చదువుతున్నాం. తొలినాటి కాన్సస్ లా విద్యార్థులంటే నాగలి వదిలి పుస్తకం పట్టుకున్న పేద కుర్రాళ్లు అన్న బొమ్మ అక్కణ్నుంచే వచ్చింది.

వాళ్లు కష్టపడలేదని నేననను. 1874లో మిడతల దండు కాన్సస్ పంటల్ని మొదలంటా నమిలేసింది. 1880ల చివర్లో భూముల ధరలు కుప్పకూలాయి, కరువొచ్చింది, పడమటి కౌంటీల్లో ఎంతోమంది అప్పు కట్టలేక బళ్లు కట్టుకుని వచ్చిన దారినే పోయారు. అలాంటి ఇంట్లోంచి వచ్చి చదువుకున్నవాడి కష్టం నిజమే. 1878లో లారెన్స్‌లో యూనివర్సిటీ ఆఫ్ కాన్సస్ లా శాఖ మొదలైంది. జేమ్స్ గ్రీన్ అనే లాయరు 1919లో చనిపోయేదాకా దాన్ని నడిపాడు. విద్యార్థులందరికీ ఆయన 'అంకుల్ జిమ్మీ'. ఆ రోజుల్లో లా చదవడానికి ముందు ఇంకో డిగ్రీ అక్కర్లేదు. అసలు కాలేజీకే వెళ్లనక్కర్లేదు, ఎవరైనా లాయరు ఆఫీసులో కూర్చుని, కాగితాలు నకలు రాస్తూ నేర్చుకోవచ్చు. తలుపు తెరిచే ఉంది. కానీ ఆ తలుపు దాకా ఎవరు రాగలిగారు?

ముందొక చిన్న కథ. 1858లో లెవెన్‌వర్త్ ఊళ్లో విలియం షెర్మన్ అనే మాజీ సైనికాధికారి లాయరు అవుదామనుకున్నాడు. అవును, తర్వాత అంతర్యుద్ధంలో అట్లాంటాని తగలబెట్టిన జనరల్ షెర్మనే. పరీక్ష ఏం రాయాలని జడ్జి లెకాంప్ట్‌ని అడిగాడు. పరీక్షేం అక్కర్లేదు, నీ సాధారణ తెలివితేటలు చూసి చేర్చేసుకుంటాం అన్నాడట జడ్జిగారు. ఇది షెర్మన్ తన ఆత్మకథలో తనే రాసుకున్న ముచ్చట. వాదించిన ఒక చిన్న కేసు ఓడిపోయానని కూడా దాచుకోకుండా చెప్పాడు.

ఆ 'సాధారణ తెలివితేటల' వెనక ఎవరున్నారో చూడండి. షెర్మన్‌ని పెంచిన తండ్రి, తర్వాత పిల్లనిచ్చిన మామ కూడా అయిన థామస్ ఈవింగ్, అమెరికా సెనేటర్‌గా, మంత్రిగా చేసినవాడు. తమ్ముడు జాన్ అప్పటికే కాంగ్రెస్ సభ్యుడు. ఆఫీసులో భాగస్వామి బావమరిది, పేరు థామస్ ఈవింగే, 1861లో కాన్సస్ రాష్ట్రానికి మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఇంతమంది వెనకుంటే తెలివితేటలు ముఖంలోనే కనిపిస్తాయి మరి.

సరే, షెర్మన్ పెద్దింటి మనిషి. రైతు కొడుకు మాటేమిటి? అతనికి సెనేటర్ మామలు లేరు కదా? లేరు. అతనికి ఉన్నది భూమి.

పరిచయాల్లో 'తండ్రి రైతు' అన్న రెండు ముక్కలు పేదరికానికి గుర్తుగా వాడతారు. ఆ రెండు ముక్కల దగ్గరే నేను ఆగిపోతాను. ఆ రైతుకి కాన్సస్‌లో పొలం ఎలా వచ్చింది? కొందరికి 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు, అయిదేళ్లు ఉండి సాగుచేస్తే పట్టా. కొందరికి రైల్వే కంపెనీ నుంచి వాయిదాల మీద. ఆ రైల్వే కంపెనీకి ఎలా వచ్చింది? ప్రభుత్వం ఇచ్చింది. ప్రభుత్వానికి? 1854 దాకా ఆ నేల తెల్ల రైతుల వలసకి తెరిచిందే కాదు. 1830 నాటి తరలింపు చట్టం తర్వాత తూర్పు నుంచి గెంటేసిన షానీ, డెలావేర్, పొటావటోమి, వయాండట్ వంటి జాతులకి, ఇది ఇక మీదే అని మాటిచ్చి చూపించిన నేల అది. పాతికేళ్లు తిరిగేసరికి మాట మారింది. రాష్ట్రానికి పేరిచ్చిన కా జాతినే 1873లో దక్షిణాన ఇండియన్ టెరిటరీకి పంపించేశారు. లా శాఖ తెరవడానికి అయిదేళ్ల ముందు.

ఆ పొలం అమ్మో, తాకట్టు పెట్టో, కనీసం దాని మీద పండిన మొక్కజొన్న తినో ఆ కుర్రాడు చదువుకున్నాడు. చదివి ఏం చేశాడు? పట్టాల తగాదాలు, తనఖా వేలాలు, రైల్వే కేసులు. అంటే అతని చదువుకి పెట్టుబడీ భూమే, చదివాక బతుకుతెరువూ భూమే. దీన్ని 'ఎవరి సాయమూ లేకుండా' అనడానికి చాలా ధైర్యం కావాలి.

లారెన్స్ ఊళ్లోనే ఇంకో బడి ఉంది. లా శాఖ మొదలైన ఆరేళ్లకి, 1884లో, ఫెడరల్ ప్రభుత్వం అక్కడ ఆదివాసీ పిల్లలకోసం పారిశ్రామిక శిక్షణ బడి పెట్టింది. తర్వాత హాస్కెల్ అని పేరొచ్చింది. మొదట చేరింది 22 మంది పిల్లలు. మగపిల్లలకి కమ్మరం, బండ్ల తయారీ, దర్జీపని, వ్యవసాయం. ఆడపిల్లలకి వంట, ఇంటిపని. వాళ్ల భాష మాట్లాడకూడదు, జుట్టు ఉంచుకోకూడదు. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో, గుట్ట మీద ఒకరి పిల్లలు ఆస్తి చట్టం చదువుతుంటే, కింద ఆ ఆస్తి ఎవరిదో వాళ్ల పిల్లలు బండిచక్రాలు చెయ్యడం నేర్చుకుంటున్నారు. హాస్కెల్ ఆవరణలో ఓ చిన్న శ్మశానం ఉంది. అందులో నూరుకు పైగా పిల్లల సమాధులున్నాయి. 'లా విద్యార్థుల నేపథ్యం' గురించి రాసేవాళ్లు ఈ నేపథ్యం కూడా రాయాలి కదా.

ఇక్కడ నన్ను ఆపేవాళ్లుంటారు. చార్లెస్ కర్టిస్ సంగతేమిటని. న్యాయమైన ప్రశ్నే. కర్టిస్ 1860లో టొపీకాలో పుట్టాడు. తల్లి వైపు కా జాతి రక్తం. చిన్నప్పుడు గుర్రప్పందేల్లో జాకీ. తన జాతి దక్షిణానికి కదులుతుంటే, నువ్వు రావద్దు, ఇక్కడే ఉండి చదువుకో అని చెప్పింది కా అమ్మమ్మే. అద్దె గుర్రపుబండి తోలుతూ, ఒక లాయరు దగ్గర చదివి, 1881లో ఇరవై ఒక్కేళ్లకి లాయరయ్యాడు. 1929లో అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు. స్వయంకృషి కథలకి ఇంతకంటే మంచి నాయకుడు దొరకడు.

కానీ ఆయన పేరుతో ఉన్న చట్టం ఏమిటి? 1898 కర్టిస్ చట్టం. ఇండియన్ టెరిటరీలో చెరొకీ, చోక్టా వంటి అయిదు జాతుల కోర్టుల్ని రద్దుచేసి, వాళ్ల సొంత పాలనకి గోతి తవ్వి, ఉమ్మడి భూముల్ని మనిషికింత అని ముక్కలు చేసిన చట్టం. పైకొచ్చిన మనిషి నిచ్చెన ఎక్కి కింది మెట్లని తనే కోశాడని నేనంటే అది సగం నిజమే. ఎందుకో తర్వాత చెప్తాను. కానీ ఒక్కడు ఎక్కాడు కాబట్టి నిచ్చెన అందరిదీ అనడం మాత్రం పూర్తి అబద్ధం. ఒక్కడి పేరు చెప్పి అందరి నోరు మూయించే ఈ వాదన మనం బాగా ఎరిగిందే. మెరిట్ గురించి మాట్లాడేవాళ్లు కూడా సరిగ్గా ఇలాగే ఓ పేరు పట్టుకొస్తారు.

పుస్తకాల్లో అంతగా పేజీలు దక్కని ఇంకో లా గ్రాడ్యుయేట్ ఉంది. లైడా కాన్లీ. వయాండట్ తల్లి కూతురు. 1902లో నదికి ఆవలి ఒడ్డున ఉన్న కాన్సస్ సిటీ స్కూల్ ఆఫ్ లాలో పట్టా పుచ్చుకుంది. ఈ ఒడ్డున, కాన్సస్‌లోని కాన్సస్ సిటీ నడిబొడ్డున, వాళ్లవాళ్ల సమాధులున్న హ్యూరన్ శ్మశానం ఉంది. 1855 ఒప్పందంలో ఆ స్థలాన్ని ఎప్పటికీ శ్మశానంగానే ఉంచుతామని రాసిచ్చారు. ఊరు పెరిగింది, స్థలం ధర పెరిగింది, 1906లో దాన్ని అమ్మడానికి కాంగ్రెస్ అనుమతిచ్చింది.

కాన్లీ, ఆమె అక్కచెల్లెళ్లు శ్మశానంలో ఓ గుడిసె వేసుకుని, తుపాకీ దగ్గర పెట్టుకుని, లోపలికొస్తే మీ ఖర్మ అని బోర్డు పెట్టి కాపలా కాశారు. ఇంకోపక్క ఆమె కోర్టుకి వెళ్లింది. 1910లో సుప్రీంకోర్టులో తన కేసు తనే వాదించుకుంది. జస్టిస్ హోమ్స్ తీర్పు రాశాడు: ఆ ఒప్పందాన్ని అమలుచెయ్యమని కోర్టులో అడిగే హక్కు ఆమెకి లేదు. ఓడిపోయింది. అయినా గుడిసె వదల్లేదు. చివరికి 1913లో కాంగ్రెస్ ఆ అమ్మకపు అనుమతిని రద్దుచేసింది. అందుకు సెనేట్‌లో పూనుకున్నది చార్లెస్ కర్టిసే. ఇందాక సగం నిజం అన్నది అందుకే.

'ఆ కాలం అలాంటిది, ఇప్పటి కళ్లతో చూడకూడదు' అని మర్యాదగా చెప్పేవాళ్లకి నా జవాబు కాన్లీయే. ఆమె కళ్లు ఇప్పటివి కాదు. ఆ కాలపు క్లాసులో, ఆ కాలపు చట్టమే చదివి, ఇది అన్యాయం అని అప్పుడే చెప్పింది. ఆ కాలానికి తెలీక కాదు, వినదలుచుకోలేదు.

టొపీకాకి రండి. 1879లో దక్షిణాది నుంచి వేలాది నల్లజాతి కుటుంబాలు స్వేచ్ఛ దొరుకుతుందని కాన్సస్ బాట పట్టాయి. అదే ఏడు రాష్ట్రం పెద్ద ఊళ్లలో ప్రాథమిక బడుల్ని రంగుని బట్టి విడదీయొచ్చని చట్టం చేసింది. టొపీకాలో పెరిగిన లూటీ లైటిల్ పత్రికలకి అచ్చు అక్షరాలు కూరుస్తూ పనిచేసింది. టెనెసీ వెళ్లి 1897లో అక్కడి నల్లజాతి కాలేజీలో లా పట్టా తీసుకుంది. తిరిగొచ్చి కాన్సస్‌లో మొదటి నల్లజాతి మహిళా లాయరైంది. మరుసటేడు అదే కాలేజీలో లా పాఠాలు చెప్పింది. టొపీకాలోనే వాష్‌బర్న్ లా స్కూల్ 1903లో మొదలైంది. అక్కడ 1916లో పట్టా తీసుకున్న ఎలైషా స్కాట్ బడుల్లో వివక్ష మీద జీవితమంతా కేసులు వేశాడు. ఆయన కొడుకులు చార్లెస్, జాన్ అక్కడే లా చదివి, 1951లో టొపీకా బడుల మీద వేసిన కేసులో లాయర్లయ్యారు. 1954లో బ్రౌన్ తీర్పు పేరుతో ప్రపంచానికి తెలిసిన కేసు అది. 1879 చట్టం ముడి విప్పడానికి డెబ్బై అయిదేళ్లు పట్టింది.

వీళ్ల కష్టం ముందు 'జేబులో కొద్ది డాలర్లతో వచ్చాడు' అన్న మాట ఎంత తేలికగా ఉందో చూడండి. తమాషా ఏమిటంటే వీళ్లలో ఎవరూ స్వయంకృషి కథలు కారు. కాన్లీ పక్కన అక్కచెల్లెళ్లున్నారు, స్కాట్ కొడుకుల వెనక తండ్రి ఉన్నాడు, టొపీకా కేసు వెనక పిల్లల్ని ముందుకు తోసిన తల్లిదండ్రులున్నారు.

మన షష్టిపూర్తి సంచికల్లోనూ వీధి దీపం కింద చదువుకున్న పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. ఆ దీపం కింద కూర్చోనిచ్చింది ఎవరు, అటు రానివ్వంది ఎవర్ని అని అడిగిన సంచిక నాకింకా కనబడలేదు.

లారెన్స్‌లో అంకుల్ జిమ్మీ గ్రీన్ విగ్రహం ఉంది. వాషింగ్టన్‌లో కూర్చున్న లింకన్‌ని మలిచిన డేనియల్ చెస్టర్ ఫ్రెంచే దాన్నీ మలిచాడు. గురువు పక్కన ఓ కుర్ర విద్యార్థి నిలబడి ఉంటాడు. మంచి విగ్రహం, తీసెయ్యమని నేననను. కాకపోతే ఓవర్‌లాండ్ పార్క్‌లో, ఓలేతేలో ఉండే మనవాళ్లు ఎవరైనా కాలేజీ చూపించడానికి పిల్లల్ని లారెన్స్ తీసుకెళ్తే, ఇంకో ఆదివారం ఉత్తరానికి ఓ అరగంట డ్రైవ్ చేసి హ్యూరన్ శ్మశానానికి కూడా తీసుకెళ్లండి. పక్కనే కసీనో ఉంటుంది, దారి తప్పరు. లైడా కాన్లీ సమాధి అక్కడే ఉంది. ఆమె కూడా లా విద్యార్థే అని పిల్లలకి చెప్పండి.