యజమాని తరఫు మంత్రి

కృష్ణా–గోదావరి బేసిన్‌ గ్యాస్‌ ధర దగ్గర అప్పటి పెట్రోలియం మంత్రి ఎస్‌.జైపాల్‌రెడ్డి పట్టు సడలించనందువల్లే ఉత్పత్తి పడిపోయిందని, గ్యాస్‌తో నడిచే కొండపల్లి కరెంటు ప్లాంట్లు మూలపడ్డాయని అనేవారున్నారు. ఆ మాట లెక్కకు నిలవదు. ఆ బేసిన్‌లోని డీ6 బ్లాకు గ్యాస్‌కు పది లక్షల బ్రిటిష్‌ థర్మల్‌ యూనిట్లకు 4.20 డాలర్ల ధరను 2007లో ప్రణబ్‌ ముఖర్జీ సారథ్యంలోని మంత్రుల బృందం ఖాయం చేసింది. ఆ ధర 2014 మార్చి దాకా అమల్లో ఉండాలి. గడువు తీరకముందే సవరించమని బ్లాకును నడిపే రిలయన్స్‌ కోరితే, 2011 జనవరిలో పెట్రోలియం శాఖ చేపట్టిన జైపాల్‌రెడ్డి కుదరదన్నారు. తవ్వుతామన్న బావులు తవ్వలేదంటూ 2012 మేలో ఆయన శాఖ సుమారు 100 కోట్ల డాలర్ల ఖర్చును ఒప్పుకోబోమని నోటీసిచ్చింది. ఆ అక్టోబరులోనే ఆయన్ను శాస్త్ర సాంకేతిక శాఖకు మార్చారు.

2009 ఏప్రిల్‌లో మొదలైన ఉత్పత్తి రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లకు చేరాల్సింది. 6 కోట్లు దాటి, అక్కణ్నుంచి దిగజారింది. భూగర్భం అంచనాలకు అందలేదని కంపెనీ, బావులు తవ్వకపోవడమే కారణమని ప్రభుత్వం వాదించాయి. ఇందులో ఏది నిజమైనా మంత్రి నిర్ణయమే సబబు. అడుగున గ్యాసే లేకపోతే ధర పెంచినంత మాత్రాన పుట్టుకురాదు. ఉండీ తీయకపోతే, మాట తప్పినవారికి అదనంగా ముట్టజెప్పినట్టవుతుంది. పైగా కొనుగోలుదారు చేతికి అందేదాకా ఈ గ్యాస్‌ ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు 2010 మేలోనే తేల్చింది. అంటే పెట్రోలియం మంత్రి అమ్మేవారికీ కొనేవారికీ నడుమ తీర్పు చెప్పే పెద్దమనిషి కాడు. ఆస్తి ప్రజలది, ఆయన వారి తరఫు మనిషి.

డెల్టా పడ్డ ఇబ్బంది చిన్నదేం కాదు. 2013 మార్చికల్లా కరెంటు ప్లాంట్లకు డీ6 గ్యాస్‌ ఆగిపోయింది. కొండపల్లిలో గ్యాస్‌ కోసం కట్టిన యూనిట్లు ఖాళీగా నిలబడితే, పక్కనే ఇబ్రహీంపట్నంలో వీటీపీఎస్‌ థర్మల్‌ విద్యుత్‌ కేంద్రం బొగ్గు మండిస్తూనే ఉంది. ఆ బూడిద లారీల వెంట లేచి అరుగుల మీద, దండేలపై ఆరేసిన బట్టల మీద పడుతుంది. గ్యాస్‌ కాలితే ఈ బూడిద ఉండదు. అయినా ధర పెంచి ఉంటే ఆ భారం పడేది డిస్కంల మీద, వాటి బిల్లులు కట్టే మన మీద. మన తీరంలోని గ్యాస్‌కు ధర డాలర్లలో కడతారు. కృత్తివెన్ను రొయ్యల చెరువులో ఏరియేటర్‌ తిప్పే రైతు మాత్రం రూపాయల్లో కట్టాలి.

మంచి ధర రాకపోతే లోతు సముద్రంలో డబ్బు ఎవరు పోస్తారని అడుగుతారు. బలమైన ప్రశ్నే. లోతు జలాల కొత్త గ్యాస్‌కు ఒక పరిమితి వరకు ధర స్వేచ్ఛ 2016లో ఇచ్చారు, 2020 డిసెంబరులో డీ6 బ్లాకులోనే ఆర్‌–క్లస్టర్‌ క్షేత్రం ఉత్పత్తిలోకి వచ్చింది. కానీ రాబోయే క్షేత్రాలకు ముందే నిబంధనలు ప్రకటించడం వేరు, నడుస్తున్న ఒప్పందాన్ని మధ్యలో తిరగరాయడం వేరు. జైపాల్‌రెడ్డి అడ్డుకున్నది రెండోదాన్ని. డీ6లో ఆ పాత ధరకు గ్యాస్‌ ఇచ్చిన డీ1, డీ3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. ఖర్చుల తగాదా మాత్రం నాలుగు గోడల మధ్య, మధ్యవర్తుల ముందు ఏళ్ల తరబడి సాగుతూ వచ్చింది. మంత్రి ఫైలులో ఏం రాశారో, కంపెనీ ఏం బదులిచ్చిందో ఆ కాగితాలన్నీ పార్లమెంటు ముందు పెట్టమని విజయవాడ, మచిలీపట్నం, ఏలూరు ఎంపీలు పార్టీలకతీతంగా పట్టుబట్టాలి.