గెలిస్తే బుర్ర, ఓడితే మోకాలు

జోస్యం చెప్పడంలో మన మగవాళ్ళని మించినవాళ్ళు లేరు. ఎన్నికలు, వర్షాలు, బంగారం ధర, పక్కింటివాళ్ళ అమ్మాయి పెళ్ళి, ఏదయినా సరే అడగడమే తరవాయి. చెప్పిన జోస్యాన్ని సగం దారిలో ఆగి ఒకసారి తెరిచి చూసుకోమనండి, అప్పుడు మాత్రం కళ్ళజోడు కనిపించదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. 2024లో ఆరు నెలలు దగ్గరుండి చూసి వచ్చి అంటున్నాను.

ఆ ఏడు మార్చిలో నేనూ మా వారూ న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. ఆగస్టు నెలాఖరుకి తిరిగొచ్చాం. అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు నయాగరా గురించి చెప్పడం ఆచారం గనక చెబుతున్నాను: చూశాను, నీళ్ళు చాలా ఉన్నాయి. అంతకన్నా ఎక్కువసేపు నేను చూసింది మా అబ్బాయి ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి అంటించిన రెండు కాగితాల్ని.

అక్కడ బేస్‌బాల్ అని ఒక ఆట ఉంది, మన క్రికెట్‌కి దూరపు చుట్టం. ముప్ఫై జట్లు. మార్చి చివర మొదలుపెట్టి సెప్టెంబరు చివరిదాకా ఒక్కో జట్టూ 162 ఆటలు ఆడుతుంది. అంటే మన ఇళ్ళలో వంటలాగే, దాదాపు రోజూ ఉంటుందన్నమాట. ఈ అసలు ఆట నెత్తి మీద కూర్చుని ఆడే ఇంకో ఆట ఉంది, ఫాంటసీ బేస్‌బాల్ అని. స్నేహితులు పదిమందో పన్నెండుమందో కలిసి, సీజను మొదలవకముందే అన్ని జట్లలోని ఆటగాళ్ళనీ వంతులవారీగా పంచేసుకుంటారు. ఒకరు కోరుకున్నవాణ్ణి ఇంకొకరు కోరుకోకూడదు. ఆ తరవాత ఆ ఆటగాడు మైదానంలో ఎన్ని హోమ్ రన్లు కొట్టాడు, ఎన్ని బేసులు దొంగిలించాడు (అవునండీ, దొంగతనమనే అంటారు, అది ఘనతే), బంతి విసిరేవాడయితే ఎంతమందిని అవుట్ చేశాడు అన్న లెక్కలన్నీ ఇక్కడ సోఫాలో కూర్చున్నవాడి ఖాతాలో పడతాయి. చెమట ఒకడిది, మార్కులు ఇంకొకడివి. మన ఆడవాళ్ళకి ఈ ఏర్పాటు కొత్తేం కాదు.

ఈ ఆటని 1980లో న్యూయార్కులో డేనియల్ ఓక్రెంట్ అనే రచయితా ఆయన స్నేహితులూ మొదలుపెట్టారు. వాళ్ళు కలిసి భోంచేసే ఫ్రెంచి హోటలు పేరు లా రోటిసరీ ఫ్రాన్సేజ్. అందుకని ఆటకి రోటిసరీ అనే పేరు పెట్టారు. పేరేమో వంటశాలది. మావాడి స్నేహితుల దృష్టిలో మాత్రం ఇది మగవాళ్ళ ఆట. ఆ మొదటి బృందంలోనే వేలరీ సాలెంబియర్ అని ఒకావిడ ఉన్న సంగతి వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. నాకు మా కోడలు చెప్పింది.

మా కోడలు ఈ ఆటలోకి ఎలా వచ్చిందంటే, పన్నెండుమందిలో ఒకతనికి పాప పుట్టి మానుకున్నాడు. సంఖ్య సరిపోలేదు. "నువ్వు కూచోవే, పేర్లు నేను చెబుతాలే" అన్నాడు మా అబ్బాయి. ఆ అమ్మాయి ఆసుపత్రి లాబ్‌లో పనిచేస్తుంది. రానూ పోనూ కారులో రెండు గంటల ప్రయాణం, మూడేళ్ళుగా ఆ రెండు గంటలూ రేడియోలో బేస్‌బాల్ వింటోందని కట్టుకున్నవాడికే తెలియదు. మార్చిలో ఒక ఆదివారం పంపకాలు జరిగాయి. పదకొండుమందీ లాప్‌టాప్‌లు ముందేసుకుని కూచున్నారు. పన్నెండో మనిషి మిరపకాయ బజ్జీలు వేస్తూ, మధ్యమధ్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఒక పేరు చెప్పి వెళ్ళిపోయేది. మొగుడు చెప్పిన పేరు ఒక్కటీ చెప్పలేదు.

మర్నాడు ఇద్దరూ తమ తమ జోస్యాలు రాసి ఫ్రిజ్‌కి అంటించారు. మావాడి కాగితంలో పేర్లు, ఒక్కో పేరు పక్కన మూడేసి ఆశ్చర్యార్థకాలు. మా కోడలి కాగితంలో పేరు పక్కన ఎందుకు ఎంచుకుందో ఒక చిన్న వాక్యం. నేను ఆ తేడాని అప్పుడు పట్టించుకోలేదు. దాని సంగతి జూలైలో తేలింది.

జూలైలో ఆల్ స్టార్ ఆట అని ఒకటుంటుంది. 2024లో అది 16వ తారీఖున జరిగింది. దానికోసం మామూలు ఆటలకి నాలుగు రోజులు సెలవు. అప్పటికి సీజను సగం దాటిపోయి ఉంటుంది గనక, మార్చిలో అన్నదేమిటి, జరిగిందేమిటి అని చూసుకునే రోజులన్నమాట. ఒక సాయంత్రం ఎనిమిదిమంది మా ఇంట్లో చేరారు. నేను పెసరట్లు వేస్తున్నాను. చెవులు మాత్రం హాల్లోనే.

మొదట మావాడు. అందరికన్నా ముందు వంతు వాడిదే, రొనాల్డ్ అకూన్యాని తీసుకున్నాడు. 2023లో 41 హోమ్ రన్లూ 73 దొంగతనాలూ చేసిన మహానుభావుడు. మే 26న ఎడం మోకాలు తెగి, ఆ ఏడాది మరి ఆడలేదు. "గాయమమ్మా! గాయాన్ని ఎవడు చెప్పగలడు?" అన్నాడు. అదే మనిషికి 2021లో కుడి మోకాలు ఇలాగే తెగింది. ఈ ఏడాది ఆటలు మొదలవకముందే అదే కుడి మోకాలు సలుపుతోందని వార్త వచ్చింది. పాడయింది రెండో మోకాలే, ఒప్పుకుంటాను. అయినా మూడు ఆశ్చర్యార్థకాల్లో ఒకటి తగ్గించుకోవచ్చుగా?

తరవాత ఇంకో అబ్బాయి. అతను తీసుకున్నది స్పెన్సర్ స్ట్రైడర్ అనే బంతి విసిరేవాణ్ణి. 2023లో ఇరవై ఆటలు గెలిచి 281 మందిని అవుట్ చేశాడు. 2024లో రెండంటే రెండు ఆటలాడి, మోచేతికి ఆపరేషన్ చేయించుకుని కూచున్నాడు. ఇదీ దైవికమే అన్నారందరూ. ఆ మోచేతికి 2019లో, కాలేజీలో ఉండగానే, ఒకసారి కోత పడింది. బంతి విసిరేవాళ్ళ మోచేతులు తెగడం ఎంత మామూలంటే, 1974లో టామీ జాన్ అనే ఆటగాడికి మొదటిసారి చేసిన ఆపరేషన్‌కి అతని పేరే స్థిరపడిపోయింది. మన పాలపొయ్యి దగ్గర నిలబడి, పాలు పొంగుతాయని ఎవరికి తెలుసు అన్నట్టుంది.

మూడో అబ్బాయి గొడవ ఇంకా విచిత్రం. అతని దగ్గర ఆరన్ జడ్జ్ ఉండేవాడు. ఏప్రిల్ నెలంతా జడ్జ్ తడబడ్డాడు. మే మొదట్లో ఇతను వాణ్ణి వేరేవాళ్ళకి మార్చేసుకున్నాడు. జడ్జ్ మేలో విజృంభించి, చివరికి ఆ ఏడాది 58 హోమ్ రన్లు కొట్టాడు. "అప్పటి లెక్కల ప్రకారం నేను చేసింది కరెక్టే" అంటాడీ అబ్బాయి. 162 ఆటల్లో ముప్ఫై చూసి మనిషిని తేల్చేసేవాళ్ళకి పప్పు ఉడక్కముందే ఉప్పు చూసే అలవాటు ఉంటుంది కాబోలు.

ఇక మా కోడలి వంతు. అప్పటికి ఆ అమ్మాయి రెండో స్థానంలో ఉంది. పన్నెండో వంతులో ఆమె తీసుకున్నది షోహెయ్ ఓతానీని. అతను బంతి విసురుతాడు, బ్యాటింగూ చేస్తాడు, రెండింటిలోనూ అగ్రగణ్యుడు. 2023 సెప్టెంబరులో మోచేతికి ఆపరేషన్ అయింది గనక 2024లో విసరడానికి లేదు, కొట్టడం ఒక్కటే. సగం మనిషి అని మిగతావాళ్ళు వదిలేశారు. మా కోడలి కాగితంలో రాసి ఉన్న వాక్యం ఇది: "రెండు పనులు చేసే మనిషికి ఒక పని తగ్గించారు, మిగిలినదాంట్లో ఏం చేస్తాడో చూడాలి." లాబ్‌లో పదిగంటలు నిలబడి, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడే మనిషికి తప్ప ఈ ఆలోచన ఎవరికొస్తుంది చెప్పండి? అంతకుముందు ఏ ఏడాదీ 26 దొంగతనాలు దాటనివాడు, ఆ ఏడాది పూర్తయ్యేసరికి 54 హోమ్ రన్లు, 59 దొంగతనాలు చేశాడు. అలా రెండూ యాభై దాటించినవాడు ఆ ఆట చరిత్రలో అంతకుముందు లేడు.

చివరి వంతుల్లో ఆమె తీసుకున్నవాడు క్రిస్ సేల్, ముప్ఫై అయిదేళ్ళవాడు. 2020 నించి మూడేళ్ళలో కలిపి పదకొండు ఆటలు మొదలుపెట్టాడు, మిగతా కాలమంతా కట్లతోనే సరిపోయింది. ఆ పేరు చెప్పినప్పుడు హాల్లో నవ్విన నవ్వు నాకు వంటింట్లోకి వినిపించింది. ఆమె రాసుకున్న కారణం: కిందటేడు ఇరవై ఆటలు ఆడగలిగాడు, ఇప్పుడు బోస్టన్ నించి అట్లాంటా జట్టుకి మారాడు. జూలైకి పదమూడు ఆటలు గెలిచి కూచున్నాడు. ఏడాది చివర తన విభాగంలో ఉత్తముడిగా బహుమతీ అందుకున్నాడు.

ఇంతా అయాక హాల్లోంచి వచ్చిన తీర్పు ఏమిటో తెలుసా? "అదృష్టం!" అన్నది మా అబ్బాయే.

అట్లకాడ అక్కడ పెట్టి హాల్లోకి వచ్చాను. "ఒరే, నీకు టెంతులో లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది వస్తే అదృష్టమన్నామా? బుర్ర అన్నాం. ఆ రెండు మార్కులూ పోయినప్పుడు పేపరు దిద్దినవాణ్ణి తిట్టాం. ఆ అలవాటే నీకింకా ఉంది" అన్నాను. ఎనిమిదిమందీ పెసరట్ల వంక చూస్తూ కూచున్నారు. "అదృష్టం లేదని నేననడం లేదు. పదిసార్లలో ఏడుసార్లు అవుటయ్యేవాణ్ణి మహావీరుడనే ఆట ఇది, అదృష్టం లేకుండా ఎలా ఉంటుంది? ఉంటే అందరికీ ఉండాలి. నీ తప్పుకి దేవుడూ, దాని ఒప్పుకి కూడా దేవుడేనా? మధ్యలో నువ్వు గెలిచినప్పుడు మాత్రం ఆయన ఊళ్ళో ఉండడా?" అని ఫ్రిజ్ మీది కాగితాలు రెండూ తెచ్చి టేబుల్ మీద పెట్టాను. కారణం రాసుకున్నవాళ్ళు, ఆ కారణం నిలబడిందో లేదో చూసుకోవచ్చు. పేరొక్కటే రాసుకున్నవాడికి చూసుకోడానికి ఏముంటుంది? సాకు వెతుక్కోవడమే.

అప్పుడు చూశాను, మా కోడలి కాగితంలో అడుగున ఎర్రసిరాతో ఒక గీత. టొరంటో జట్టులో బో బిషెట్ అనే ఆటగాణ్ణి ఆమె గొప్పగా నమ్ముకుంది. ఆ ఏడాది అతను పూర్తిగా చతికిలపడ్డాడు. పిక్క పట్టేసి కొన్నాళ్ళు ఆడనూ లేదు. మోకాలు వంక చూపినవాళ్ళుండగా ఆమె పిక్క వంక చూపించవచ్చు. ఎర్రసిరాతో రాసి ఉన్నది: "నా తప్పు. నేననుకున్న కారణమే తప్పు." రాసి ఎన్ని రోజులయిందో, ఆ తలుపు తీసి రోజూ పాలు తీసుకునే మాలో ఎవరం చూడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెసరట్ల వల్ల అన్నారు మా వారు. 2019లో వీళ్ళ పెళ్ళి పందిట్లో, వియ్యాలవారికి వినపడకుండా, మా అక్కయ్య చెవిలో నేనొక జోస్యం చెప్పాను. "ఈ పిల్లకి చదువెక్కువ, పొగరెక్కువ. ఏడాది తిరక్కుండా వాణ్ణి మనకి కాకుండా చేస్తుంది చూడు" అని. కాగితం మీద రాయలేదు గనక తెరిచి చూసే బాధ లేకపోయింది. ఆ అయిదేళ్ళలో ఫోను రాని ఆదివారం లేదు. కలిపి మా అబ్బాయి చేతిలో పెట్టేది ఎవరో నాకు తెలుసు. 2021లో మా వారికి కరోనా వస్తే, పొద్దునా సాయంత్రం ఆక్సిజన్ లెక్క అడిగి రాసుకుని, డాక్టరుతో మాట్లాడి, మందులు చెప్పింది ఆ పిల్ల. "మావాడి అదృష్టం బాగుంది" అన్నాను అందరితోనూ. నా షష్టిపూర్తి రోజున ఒక పూట ఆలస్యంగా ఫోను చేస్తే మాత్రం "పెంపకం" అన్నాను. మా అబ్బాయి ఆ తక్కెడ ఎక్కడ కొనుక్కున్నాడా అని సాయంత్రమంతా వాణ్ణి దులిపేశానే!

ఆ ఆదివారం రాజమండ్రి నించి మా అక్కయ్య ఫోను చేసింది. ఎప్పటిలాగే గొంతు తగ్గించి, "ఆ పిల్ల ఎలా ఉందే? నువ్వన్నట్టే ఉందా?" అంది.

"లేదక్కయ్యా. అప్పుడు నేనన్నది తప్పు" అన్నాను.

కాసేపు అవతల చప్పుడు లేదు.

"ఒసేవ్, నీకేమయినా మందు పెట్టిందేమోనే" అంది.