వీణకు మెట్లు ఎవరు కడతారు?

ఇంట్లో పియానో ఉంటే ఏటా రెండుసార్లు ట్యూనర్‌ను పిలుస్తాం. అడిగినంత ఇస్తాం. ఇవ్వవలసిందే. దానికి 230 దాకా తీగలు. చలికాలం హీటరు వేయగానే చెక్క ఎండి శ్రుతి జారుతుంది. ఆ పనివారికి ఇక్కడ 1957 నుంచి పియానో టెక్నీషియన్స్ గిల్డ్ ఉంది. రాత, శ్రుతి, మరమ్మతు – మూడు పరీక్షలూ నెగ్గితేనే దాని గుర్తింపు.

అదే హీటరు గాలి మన బొబ్బిలి వీణకూ తగులుతుంది. దాని 24 మెట్లూ మైనంలో నిలిచినవే. మైనం వేడికి మెత్తబడినా, చలికి పెళుసెక్కినా మెట్టు కదులుతుంది, స్వరం తప్పుతుంది. అప్పుడేం చేస్తాం? గుడ్డ కప్పి మూలన పెట్టి, "బొబ్బిలివాడు మోసం చేశాడు" అంటాం. లేదా అమ్మాయికి స్వరజ్ఞానం లేదంటాం.

మోసం ఆయనది కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. ఆ వీణకు భౌగోళిక గుర్తింపూ ఉంది. కాని కాగితం అన్నం పెట్టదు; పని పెడుతుంది.

అంత దూరం నుంచి పనివాణ్ణి రప్పించడం దుబారా అంటారా? సినిమా తారలను రప్పించినప్పుడు ఆ మాట ఎందుకు రాలేదు? వచ్చే ఉత్సవాలకు విద్వాంసులతోపాటు మెట్లు కట్టే ఆయనకూ ఒక టిక్కెట్టు కొనండి. చుట్టుపక్కల ఊళ్ళ వీణలన్నీ ఒకచోట చేర్చండి. మన పిల్లల్లో ఇద్దరినైనా ఆయన పక్కన కూర్చోబెట్టి ఆ పని నేర్పించండి. బాగుచేసేవాడు లేని వాద్యం బొమ్మే అవుతుంది. బొమ్మలు మనకు ఇప్పటికే చాలా ఉన్నాయి.