గుడ్డు తిందాం, బాకీ వసూలు చేద్దాం!

కల్లం కాడ మనకు రెండు రకాల గింజలు దొరుకుతాయి. ఒకటి కూలి. దాన్ని కొలిచి పొయ్యాలి. తక్కువైతే నిలబెట్టి అడగొచ్చు. రెండోది ఆసామి దయతలిచి ఒడిలో పోసే దోసెడు. దాన్ని కొలవలేం, అడగలేం. పోసిననాడు దండం పెట్టాలి, పొయ్యనినాడు నోరు మూసుకుని ఇంటికి రావాలి. మన పిల్లల తిండి, వైద్యం, పెద్ద చదువు ఈ రెంటిలో ఏ లెక్కలోకి పోతున్నాయి? ఇవాళ తేల్చుకోవాల్సింది ఇదే.

విప్రో కంపెనీ మాజీ అధిపతి అజీం ప్రేమ్‌జీ పెట్టిన ఫౌండేషన్ సంగతి చూడండి. 2019లో ఆయన మరికొన్ని వాటాల ఫలం రాసివ్వడంతో విప్రోలో 67 శాతం వాటాల మీద వచ్చే ఆదాయం ఈ పనులకే అన్నారు. ఆనాటికి ఆ సొమ్ము విలువ 1,45,000 కోట్ల రూపాయలు. కర్ణాటక బడుల్లో ప్రభుత్వం వారానికి రెండు గుడ్లు పెడుతుంటే, దాన్ని ఆరు చెయ్యడానికి 2024 జూలైలో ఈ ఫౌండేషన్ ఒప్పందం రాసుకుంది. మూడేళ్ళకు సుమారు 1,500 కోట్లు. ప్రభుత్వ బడుల్లో పది, ఇంటర్ చదివి డిగ్రీ, డిప్లొమాల్లో చేరే ఆడపిల్లలకు ఏడాదికి 30,000 చొప్పున కోర్సు అయ్యేదాకా స్కాలర్‌షిప్పు పెట్టింది. 2025-26లో రెండున్నర లక్షల మందికి ఇస్తామని ప్రకటించింది. ఆ రాష్ట్రాల జాబితాలో తెలంగాణ కూడా ఉంది.

ఇది చిన్న పని కాదు. ఆ గుడ్డు మన పిల్లలు తినాలి. ఆ 30 వేలు మన ఆడపిల్లలు తీసుకోవాలి. వద్దని చెప్పేవాడు వాడలో ఆకలి తెలియనివాడు.

కానీ ఒక ప్రశ్న. ప్రభుత్వం రెండు గుడ్ల దగ్గరే ఎందుకు ఆగింది? డబ్బు ఒక్కటే కారణమా? 2021 డిసెంబరులో కల్యాణ కర్ణాటక జిల్లాల బడుల్లో గుడ్డు మొదలుపెడితే కొందరు మఠాధిపతులు ఆందోళనకు దిగారు. ఎవరి పిల్లల పళ్ళెంలో గుడ్డు? మన పిల్లల పళ్ళెంలో. ఎవరికి మైల? మఠాలకు! మఠానికి జంకే సర్కారు గుడ్డుకు ఒక కోటీశ్వరుడు దయతలిచేదాకా ఆగాల్సి వచ్చింది. మూడేళ్ళు గడిచాక నాలుగో ఏడు సంగతేమిటి? ఆ దయ కాగితం మీద మూడేళ్ళకే ఉంది మరి.

దాత మారితే పళ్ళెం మారుతుంది. ఇస్కాన్ బెంగుళూరు వాళ్ళ అక్షయపాత్ర ఫౌండేషన్ కూడా బడి పిల్లలకే వండుతుంది. దాని వంటలో ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, గుడ్డు అసలే లేదు. ఒక దాత గుడ్డు పెడతాడు, ఇంకో దాత ఉల్లిపాయ కూడా వెయ్యడు. తినే పిల్లను ఎవడైనా అడిగాడా? పెట్టేవాడి కులం రుచి తినేవాడి నోటికి చట్టమైపోయింది!

హక్కు సంగతి వేరు. 2001 నవంబరులో బడిలో వండిన అన్నం పెట్టి తీరాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2004లో వంటమనుషుల నియామకంలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని అంది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. మాదిగ అక్క వండిన అన్నం అందరి పిల్లలూ ఒక పంక్తిలో తినాలన్న మాట ఏ దాత నోటి నుంచి వచ్చింది? గరిటె ఎవరి చేతిలో ఉండాలో హక్కు అడుగుతుంది. దానం అడగదు.

చదువు సంగతి బాబాసాహెబ్ బతుకులోనే ఉంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు నెలకు పదకొండున్నర పౌన్ల స్కాలర్‌షిప్పు ఇస్తే ఆయన అమెరికా వెళ్ళి చదివాడు. తిరిగొచ్చి పదేళ్ళు బరోడాలో కొలువు చెయ్యాలన్నది షరతు. 1917లో కొలువుకు పోతే ఏమైంది? బంట్రోతులు తాకకుండా ఫైళ్ళు విసిరారు. ఊళ్ళో ఉండడానికి చోటు లేదు. పార్సీ సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. మహారాజు సొమ్ము అమెరికా దాకా పంపగలిగింది గానీ బరోడాలో ఒక అద్దె గది ఇప్పించలేకపోయింది!

అందుకే ఆయన ఇంకో పదిమంది మహారాజులు పుట్టాలని కోరలేదు. 1942లో వైస్రాయి మండలిలో చేరాక ఖజానాలోంచి మన పిల్లల వాటా అడిగాడు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. మన వాడల నుంచి టీచరు, నర్సు, ఇంజనీరు అయినవాళ్ళలో ఎంతమంది దాని మీద చదివారో మీ ఊళ్ళోనే లెక్కపెట్టుకోండి.

ఆ వాటా మీదే ఇప్పుడు దెబ్బ పడుతోంది. ఫీజు బకాయిలు రాలేదని 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు మూతేశాయి. బిల్లులు చెల్లించలేదని నెట్‌వర్కు ఆసుపత్రులు సెప్టెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీని, అక్టోబరులో ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవను ఆపాయి. సర్కారుకూ ఆసుపత్రికీ తగువైతే జబ్బు పిల్లను ఎత్తుకుని గేటు ముందు నిలబడేది ఎవరు?

"సర్కారు ఎలాగూ ఇవ్వదు, ఇచ్చేవాణ్ణి ఎందుకంటారు?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. ఇచ్చేవాణ్ణి అనడం లేదు. వాణ్ణి చూపించి ఎగ్గొట్టేవాణ్ణి అంటున్నాం. బకాయి పెడితే కలెక్టరాఫీసు ముందు కూచోవచ్చు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. ఓటప్పుడు నిలదియ్యొచ్చు. ఫౌండేషన్ దరఖాస్తు కొట్టేస్తే ఎవరి గుమ్మం ముందు కూచుంటాం? ఇంకో మాట: ధర్మసంస్థల ఆదాయానికి పన్ను మినహాయింపు ఉంది. ఆ వదులుకున్న పన్నులో మన వాటా కూడా ఉంది. ఆ కంపెనీల కొలువుల్లో రిజర్వేషన్ చట్టం నేటికీ లేదు. చదివించి గుమ్మం బయట నిలబెట్టే దయ ఎన్ని తరాలు?

కాబట్టి కార్యకర్తలకు పని ఇది. ఫౌండేషన్ స్కాలర్‌షిప్పుకు అర్హత ఉన్న ప్రతి ఆడపిల్ల చేత అంబేడ్కర్ భవనంలో కూచోబెట్టి దరఖాస్తు పెట్టించండి. అదే రోజు, అదే బల్ల మీద, వాడలో ఎవరెవరికి ఫీజు బకాయి ఉందో, ఎవరి సర్టిఫికెట్లు కాలేజీ పట్టుకుందో రాయండి. బడిలో వారానికి ఎన్ని గుడ్లు పడుతున్నాయో, గరిటె ఎవరి చేతిలో ఉందో రాయండి. ఆ జాబితాతో మండలాఫీసుకు కదలండి. ఏ ఫౌండేషన్ వాళ్ళు ఊరికొచ్చినా మర్యాదగా కూచోబెట్టి మూడు ప్రశ్నలు అడగండి: మీ స్కాలర్‌షిప్పుల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలెందరు? మీ ట్రస్టు బోర్డులో మనవాళ్ళెందరు? మీ కంపెనీ కొలువుల్లో ఎందరు?

దోసెడు పోశారని కూలి మాఫీ చేసేవాడు ఏ ఊళ్ళోనూ లేడు. మనమూ చెయ్యం. పెట్టింది తిందాం, రావాల్సింది కొలిపించుకుందాం!

జై భీమ్!