మొదట మొక్క, తరువాత చేప



ఆదికాండము మొదటి అధ్యాయము మనకు చిన్నప్పటి నుండి తెలిసినదే. కానీ అందులోని వరుసను ఎప్పుడైనా నిదానంగా గమనించారా? మూడవ దినమున ఆరిన నేల కనబడింది, మొక్కలు మొలిచాయి. నాలుగవ దినమున వెలుగునిచ్చే జ్యోతులు వచ్చాయి. చేపలు వచ్చింది అయిదవ దినమున. నివసించే ప్రాణి కంటే ముందుగా దాని నివాసమును దేవుడు సిద్ధపరిచాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మన పెద్దలు కూడా ముందు ఇల్లే అన్నారు.

ఈ నెల చేపల తొట్టి గురించి వ్రాయమని కొందరు తల్లిదండ్రులు కోరారు. ఇప్పుడు పల్లెలలో కూడా పిల్లలు దీనిని అడుగుతున్నారు. సాయంత్రం తొట్టి కొని, రాత్రికి నీళ్లు నింపి, అప్పుడే పది చేపలు వదులుతారు. వారం తిరిగేసరికి తొట్టి ఖాళీ. కారణం ఏమిటో చూద్దాం.

చేప విసర్జించే మలినం నుండి, మిగిలిపోయి కుళ్లిన మేత నుండి నీటిలో అమోనియా పుడుతుంది. అది చేపకు విషం. కంటికి కనబడని ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరొక రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. దాని వల్ల హాని తక్కువ, పైగా అది మొక్కకు ఎరువు. ఈ సూక్ష్మజీవులు ఇసుక మీద, ఆకుల మీద తగినంతగా పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అప్పటి దాకా నీరు కంటికి అద్దంలా కనబడినా చేపకు క్షేమం కాదు.

మొక్కల మేలు కనిపెట్టినది నిన్న మొన్న కాదు. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే ఇంగ్లాండు రసాయన శాస్త్రజ్ఞుడు రెండు గోల్డు చేపలను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను ఒకే తొట్టిలో ఉంచి చేసిన ప్రయోగాన్ని ప్రకటించాడు. పాత ఆకులు కుళ్లి నీరు చెడిపోతుంటే చెరువు నత్తలను వేశాడు. అవి కుళ్లును తినివేయగా నీరు తేటపడింది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ వ్రాసిన పుస్తకం ద్వారా అక్వేరియం అనే మాట జనంలోకి వచ్చింది. ఈయన బ్రదరెన్ సహవాసానికి చెందిన విశ్వాసి, వాక్యము బోధించినవాడు. అదే సహవాసం నుండి 1836లో మన దేశానికి వచ్చిన బౌడన్, బీర్ కుటుంబాలు తరువాత నర్సాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషనుకు పునాది వేశాయి.

ఇక పనిలోకి వద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టి మొదటిసారికి చాలు. మరీ చిన్న గాజు గిన్నెలో నీరు త్వరగా చెడిపోతుంది. ఈ తొట్టిలో సుమారు 45 లీటర్ల నీరు పడుతుంది. లీటరు నీరు కిలో బరువు గనుక ఇసుక, గాజు కలిపి 60 కిలోలు దాటవచ్చు. బల్ల గట్టిగా, సమంగా ఉండాలి. కింద థర్మాకోల్ షీటు పరచండి. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెడితే పాచి పట్టి నీరు పచ్చబడుతుంది.

ముతక ఇసుకను నీరు తేటగా వచ్చే వరకు కడిగి రెండంగుళాల మందాన పరచండి. గవ్వలు, ఆల్చిప్పలు వేయవద్దు, అవి నీటిని ఉప్పన చేయవు గాని కఠినం చేస్తాయి. ఇసుక మీద ఒక పళ్లెం పెట్టి దాని మీదుగా మెల్లగా నీరు పోస్తే ఇసుక లేవదు. కుళాయి నీటిలోనూ, బ్లీచింగ్ పౌడర్ వేసిన ట్యాంకు నీటిలోనూ క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి పాత్రలో ఒక రోజు నిలవ ఉంచి వాడండి.

తరువాత మొక్కలు. వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటివి మన కాలువలలోనే ఉన్నాయి. తెచ్చిన వెంటనే వేయకుండా బాగా కడిగి, వారం రోజులు బకెట్టులో ఉంచితే తూనీగ పిల్లపురుగుల వంటివి బయటపడతాయి. అవి చిన్న చేపలను తినేస్తాయి. వాలిస్నేరియా నాటేటప్పుడు వేళ్లు ఇసుకలో, ఆకులు మొదలయ్యే చోటు ఇసుకపైన ఉండాలి. ఎల్‌ఈడీ దీపం రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు చాలు. తీగ ప్లగ్గు కంటే కిందికి ఒంపు తిరిగి ఉండేటట్లు చూడండి, కారిన నీటి బొట్టు ప్లగ్గులోకి పోదు. నీటిలో చేయి పెట్టే ముందు స్విచ్ ఆపండి.

ఇప్పుడు ఆగాలి. నెల రోజుల పైన చేప లేకుండా ఆగాలి. రోజుకొక చిటికెడు చేపల మేత వేస్తే సూక్ష్మజీవులకు ఆహారం దొరుకుతుంది. ఒక హెచ్చరిక: నిలిచిన మంచినీటిలోనే డెంగ్యూ దోమ గుడ్లు పెడుతుంది. చేపలు వచ్చే దాకా తొట్టి మీద దోమతెర గుడ్డ బిగించి కట్టండి.

మొక్కలు కొత్త ఆకులు వేసిన తరువాత మొదట రెండు మూడు గప్పీ చేపలు వదలండి. రెండు వారాల తరువాత మరి మూడు. రంగు తోకల మగవాటినే తెచ్చుకుంటే మంద పెరిగిపోదు. గోల్డు చేప పెద్దదవుతుంది, మలినం ఎక్కువ, చిన్న తొట్టికి తగదు. రెండు నిమిషాలలో తినగలిగినంతే మేత వేయండి. వారానికి నాలుగో వంతు నీరు మార్చండి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కాక, తొట్టిలో నుండి తీసిన నీటిలోనే పిండండి. లేకపోతే పెంచుకున్న సూక్ష్మజీవులు పోతాయి.

ఒక సండేస్కూలు బాలుడు నన్ను అడిగిన మాట ఇక్కడ చెప్పాలి. "అయ్యగారూ, చేపలు బ్రతకాలని మూడు రాత్రులు ప్రార్థన చేశాను. అన్నీ చచ్చిపోయాయి. నాకు విశ్వాసం చాలలేదని ఇంట్లో అన్నారు. నిజమేనా?" కాదు నాయనా అని చెప్పాను. ఆ చేపలను చంపింది విశ్వాసలోపం కాదు, అమోనియా. ఇల్లు సిద్ధం కాకముందే వాటిని తెచ్చిన పెద్దల తొందర అది. పెద్దలారా, మనకు తెలియని కారణమున్న ప్రతి చోటా పిల్లల విశ్వాసము మీద నేరము మోపవద్దు. జబ్బు చేసినా, పంట పోయినా ఇదే మాట అంటుంటాము. అటువంటి మాట విన్న పసి మనస్సు ప్రార్థన చేయడానికే భయపడుతుంది. సృష్టిలో దేవుడు పెట్టిన క్రమమును నేర్చుకొని దాని చొప్పున నడవడం కూడా ఆయనకు లోబడడమే. ప్రార్థించే పెదవులతో పాటు ఇసుక కడిగే చేతులు కూడా ఉండాలి.

చివరిగా, తొట్టి వద్దనుకుంటే చేపలను, మొక్కలను చెరువులో గాని కాలువలో గాని పారవేయకండి. అవసరమున్న వారికి ఇవ్వండి. మన చెరువులను కమ్మేసిన గుర్రపుడెక్క ఒకనాడు అందం కోసం దక్షిణ అమెరికా నుండి తెచ్చిన మొక్కే. తొట్లు శుభ్రం చేస్తుందని తెచ్చిన సక్కర్ చేప ఇప్పుడు కృష్ణా నదిలో జాలరుల వలలు చింపుతున్నది. మన ముచ్చట పొరుగువాని జీవనానికి నష్టం కాకూడదు.

అప్పు చేసి తొట్టి కొననక్కరలేదు. ఉన్నవారు ఓపికతో పెట్టుకోండి. నీతిమంతుడు తన పశువుల ప్రాణమును లక్ష్యపెడతాడని సామెతలు 12:10 నేర్పుతున్నది. ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆదికాండము 1వ అధ్యాయమును పిల్లల చేత చదివించి, చేపల కంటే ముందు దేవుడు ఏమేమి సిద్ధపరిచాడో వారినే లెక్కపెట్టి చెప్పమనండి.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.